పెద్దక్క ఫస్టు, పద్మజ సెకండు

పెద్దక్క అన్నది వరస కాదు, పేరు. ఇంట్లో మొదటి ఆడబిడ్డ పుట్టింది కదా, వెనకాలే చెల్లెళ్ళు వరసగా వస్తారన్న ధీమాతో వాళ్ళ అవ్వ పెట్టింది. చెల్లెళ్ళు రాలేదు, తమ్ముళ్ళూ రాలేదు. పేరు మాత్రం ఉండిపోయింది. రేషను కార్డులో, ఓటరు లిస్టులో, పదో తరగతి మార్కుల కార్డులో అంతటా పెద్దక్కే. ఊళ్ళో ఎనభై ఏళ్ళ ముసలాయన కూడా ఆమెను “పెద్దక్కా” అనే పిలవాలి. వేరే దారి లేదు.

పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. ఆ బడిలో ఆ ఏడు ఫస్టు క్లాసు వచ్చిన ఆడపిల్ల తనొక్కతే. అయితే ఆ ఏడు, దాని ముందటి ఏడు కూడా వానలు లేవు. తండ్రి హనుమంతప్ప చేనును చూసుకున్నాడు, కూతుర్ని చూసుకున్నాడు, కుందుర్పి పక్క ఊరిలో ఐదెకరాల మెట్ట, అరవై గొర్రెలు ఉన్న తిప్పన్నకిచ్చి పెళ్ళి చేశాడు. పెద్దక్క ఏడ్చిందో లేదో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. తనకు మాత్రం గుర్తుంది. రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజు గొర్రెల వెంట పోయింది.

పెళ్ళయిన ఆరేళ్ళకు పద్మజ పుట్టింది. ఆ పిల్ల బడికి పోయే కాలానికి ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు పోస్టు పడుతుందని, ఇంటరు ఉంటే చాలని ఎవరో చెబితే పెద్దక్క ఓపెన్ స్కూల్లో ఇంటరు కట్టి పాసైంది. పోస్టు ఇంకెవరికో పోయింది. ఇంటరు సర్టిఫికెట్టును ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద పెట్టి, మళ్ళీ శెనక్కాయల చేనుకు పోయింది.

పద్మజ ఇంటరు పాసయ్యేసరికి అసలు సంగతి మొదలైంది. డిగ్రీ కాలేజీ ఉన్న ఊరికి బస్సులో గంటన్నర. బస్సెక్కాలంటే ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా మూడు కిలోమీటర్ల బీడు. పొద్దున్నే ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. హాస్టల్లో సీటు రాలేదు.

“ఒక్కతే పోవద్దు” అన్నాడు తిప్పన్న. అతని మనసులో ఇంకో లెక్క కూడా ఉంది. కొత్తచెరువులో ఉండే అతని అక్క ఓబమ్మ తన కొడుక్కి పద్మజను చేసుకుంటానని రెండేళ్ళుగా ఫోను చేస్తోంది. తిప్పన్న అవుననలేదు, కాదనలేదు. అక్క అంటే అతనికి చిన్నప్పటి నుంచి భయం.

“ఒక్కతే పోవద్దంటే ఇద్దరం పోతాం. నేను తోడు పోతా” అంది పెద్దక్క.

“మూడేండ్లా?”

“గొర్రెలకాడ నువ్వు ఇరవై ఏండ్లు నిలబడినావు. నేను బిడ్డకాడ మూడేండ్లు నిలబడలేనా?”

అట్లా మొదలైంది. పొద్దున కూతురితో పాటు బస్సెక్కేది. సాయంత్రం దాకా తిరుగు బస్సు లేదు కాబట్టి రోజంతా కాలేజీ వరండాలోనే కూర్చునేది. మొదటి వారం గేటు దగ్గర, రెండో వారం మెట్ల మీద, మూడో వారం బి.ఏ. ఫస్టియరు క్లాసు కిటికీ కింద. ఒళ్ళో శెనక్కాయల మూట పెట్టుకుని, వాటిని ఒలుస్తూ పాఠం వినేది.

ఆ కాలేజీకి ఇన్‌ఛార్జి ప్రిన్సిపాలు, చరిత్ర లెక్చరరు రెండూ కృపాకుమారి మేడమే. వయసు ముప్పై ఐదు దాటదు. ఒకరోజు ఆమె పాత కరువుల గురించి పాఠం చెబుతూ, “కరువొస్తే రైతు మొట్టమొదట ఏం అమ్ముకుంటాడు?” అని అడిగింది. ఒకరు బంగారమన్నారు, ఒకరు భూమి అన్నారు, ఒక పిల్లవాడు మోటారు సైకిలు అన్నాడు. కిటికీలోంచి ఇంకో గొంతు వచ్చింది.

“పొట్టేళ్ళమ్మా. తర్వాత ముసలి గొర్రెలు. ఈనే గొర్రెను ఎవురూ ముందు అమ్మరు. అది పోతే మళ్ళీ మంద లేదు కదా.”

క్లాసంతా కిటికీ వైపు తిరిగింది. పద్మజ ఒక్కతే బెంచీ కిందికి వంగి లేని పెన్ను వెతుక్కుంది.

క్లాసయ్యాక మేడం పెద్దక్కను ఆఫీసు గదికి పిలిపించింది. “చూడమ్మా, ఇట్లా కిటికీలోంచి జవాబులు చెబితే కుదరదు. చెప్పాలంటే లోపల కూర్చోవాలి. లోపల కూర్చోవాలంటే చేరాలి. ఇంటరు పాసయ్యావా?”

“అయినానమ్మా. పెట్టెలో ఉండాది.”

“తెచ్చుకో. సీట్లు ఇంకా మిగిలే ఉన్నాయి.”

పెద్దక్క మరునాడే తెచ్చుకుంది. తిప్పన్నకు వారం తర్వాత చెప్పింది. అతను చాలాసేపు ఆలోచించి, “అయితే ఇప్పుడు నీకు తోడు ఎవురు పోవల్ల?” అని అడిగాడు.

క్లాసులో మొదటి రోజు హాజరు పిలుస్తుంటే మేడం “పెద్దక్క” అంది. “ఏమమ్మా?” అంది పెద్దక్క లేచి. క్లాసు గొల్లుమంది. హాజరు పిలిస్తే ప్రెజెంట్ మేడం అనాలని పద్మజ ఇంటికి పోయాక నేర్పింది. అయినా ఆ నెలంతా మేడం “పెద్దక్క” అనడం, ఈమె “ఏమమ్మా” అని నాలుక కరుచుకోవడం ఆగలేదు. చివరికి మేడమే, “నేను హాజరు తీసుకుంటున్నానో వరస కలుపుతున్నానో నాకే తెలియడం లేదు” అని, ఆమె వంతు వచ్చినప్పుడు తలెత్తి చూసి టిక్కు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

చదవడానికి పెద్దక్క పద్ధతి ఒకటే. చదివింది ఎవరికైనా చెప్పాలి. చెప్పడానికి ఇంట్లో దొరికేది తిప్పన్న. అతను సంగటి తింటుంటే మౌర్యుల పరిపాలన, గొర్రెలకు నీళ్ళు పెడుతుంటే జాతీయాదాయం. అశోకుడు దోవల పక్కన చెట్లు నాటించాడని చెప్పినప్పుడు తిప్పన్న ముద్ద పక్కన పెట్టి అడిగాడు.

“మరి మన కుందుర్పి దోవలో ఒకటన్నా నాటలేదేంటికి?”

“ఇంత దూరం రాలేదేమో.”

“వచ్చింటాడు. నీళ్ళు యాడా దొరక్క ఎనక్కి పోయింటాడు” అని తేల్చి, మళ్ళీ ముద్ద తీసుకున్నాడు. ఆ మాట పెద్దక్క పరీక్షలో రాయలేదు గానీ రాయాలని చేయి లాగిందట.

పద్మజ పద్ధతి వేరు. తలుపేసుకుని, చెవులు మూసుకుని చదివేది. అయినా పెద్దక్క గొంతు తలుపుకు ఆగేది కాదు. “అమ్మా, నువ్వు చెప్తాంటే నాకు రెండు పాఠాలు ఒకేసారి ఎక్కుతాండాయి” అని అరిచేది.

రెండు సెమిస్టర్లూ అయ్యాక ఫలితాలు వచ్చాయి. కాలేజీ మొత్తం మీద బి.ఏ. ఫస్టియర్లో మొదటి స్థానం పెద్దక్కకు, రెండో స్థానం పద్మజకు. తేడా నాలుగు మార్కులు.

ఆ రోజు బస్సులో తల్లీకూతుళ్ళు వేరు వేరు సీట్లలో కూర్చున్నారు. మెయిన్ రోడ్డులో దిగి బీడులో నడుస్తున్నప్పుడు పద్మజ నోరు తెరిచింది.

“నాకు కాపలా ఉంటానని వచ్చి నా ర్యాంకు ఎత్తుకొని పోయినావు.”

“నేనేం కావాలని ఎత్తుకున్నానా పాపా? కొచ్చెన్లు అట్ల వచ్చినాయి.”

“నాలుగు మార్కులు! ఒక బిట్టు తప్పు రాయకూడదా?”

“తెలిసినదాన్ని తప్పు ఎట్ల రాయాల?” అంది పెద్దక్క. ఆమె నిజంగానే అడిగింది. పద్మజ చరచరా ముందుకు నడిచింది. మర్నాటి సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ర్యాంకుల వెనకాలే స్కాలర్‌షిప్పు వచ్చింది. వెనకటి కాలంలో ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన తన తల్లి పేరు మీద కొంత సొమ్ము యూనివర్సిటీకి ఇచ్చిపోయాడు. దాని వడ్డీతో, పల్లె కాలేజీల్లో ఫస్టియరు పరీక్షల్లో మొదటి రెండు స్థానాల్లో వచ్చిన ఆడపిల్లలకు డిగ్రీ అయ్యేదాకా ఏటా స్కాలర్‌షిప్పు ఇస్తారు. కాలేజీలో ఇద్దరి దరఖాస్తులూ క్లర్కు గిరి నింపి కంప్యూటరులో పంపాడు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. పెద్దక్కకు మంజూరు. పద్మజకు తిరస్కరణ. కారణం కూడా రాశారు: “నిబంధన నాలుగు ప్రకారం ఒకే తండ్రి కుమార్తెలలో ఒకరికి మాత్రమే అర్హత. పెద్ద కుమార్తె పెద్దక్కకు మంజూరైనందున రెండవ కుమార్తె దరఖాస్తు తిరస్కరించడమైనది.” కింద ఇంకో వాక్యం, మంజూరైన విద్యార్థిని తండ్రి స్వయంగా యూనివర్సిటీకి వచ్చి హామీపత్రం ఇవ్వాలని.

పెద్దక్క ఆ కాగితం రెండుసార్లు చదివి, గిరి టేబులు మీద పరిచింది.

“ఏమప్పా గిరీ, ఇదేమి? నా మొగుణ్ణి నాకు నాయన్ని చేసినావు కదప్పా!”

గిరి కంప్యూటరు తెరిచి చూసుకున్నాడు. తండ్రి పేరు, భర్త పేరు రెండింటికీ కలిపి అందులో ఒకటే గడి. పద్మజ దాంట్లో తిప్పన్న. పెద్దక్క దాంట్లోనూ తిప్పన్న. ఇంటి నంబరు ఒకటే, ఊరు ఒకటే. పైగా పేరేమో పెద్దక్క.

“ఒకే గడి ఉండె పెద్దక్కా. నాకు తట్టలేదు” అన్నాడు తల గోక్కుంటూ. “వాళ్ళు నిన్ను పద్మజకు అక్క అనుకున్నారు.”

“నన్ను చూడకుండా అనుకున్నారా?”

“చూసింటే అనుకోరు కదా.”

చేయగలిగింది ఒకటే. పదో తరగతి సర్టిఫికెట్టు, పెద్దక్క అసలు తండ్రి, పద్మజ తండ్రి, అందరినీ తీసుకుని అనంతపురం పోయి స్కాలర్‌షిప్పుల సెక్షన్లో కనబడాలి. గిరి బిక్కుబిక్కుమంటూ అడిగాడు, “మీ నాయన ఉన్నాడా?”

“ఉన్నాడు” అంది పెద్దక్క. “డెబ్బై ఎనిమిది. రాయి మాదిరి ఉన్నాడు.”

ఆ సాయంత్రం తండ్రికి ఫోను చేసింది.

“నాయనా, సోమవారం నాతో అనంతపురం రావల్ల. చదువుకాడ నిన్ను పిలుచుకొని రమ్మన్నారు.”

“ఏం జేసినావే?” అన్నాడు హనుమంతప్ప.

“ఏం జేయలేదు నాయనా. ఫస్టు వచ్చినా.”

“ఫస్టు వస్తే నాయన్ని ఏంటికి పిలుస్తారు? ఎవుర్తోనన్నా కొట్లాడినావా? నిజం చెప్పు, నేనేమి అనను.”

సోమవారం హనుమంతప్ప ఉతికిన పంచె, కొత్త టవలు, చేతిలో శెనక్కాయల సంచితో కుందుర్పిలో బస్సెక్కాడు. సంచి ఎందుకంటే, “బడి అయ్యవారికి. తప్పు ఏదన్నా ఉంటే మన్నిస్తాడు” అన్నాడు. కళ్యాణదుర్గం దాటేలోపల కూతురు ఏం తప్పు చేసిందని మనవరాలిని మూడుసార్లు రహస్యంగా అడిగాడు. మూడోసారి పద్మజ, “నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నాది తాతా” అని చెప్పింది. అదే తప్పయి ఉంటుందని ఆయన తల పంకించాడు.

స్కాలర్‌షిప్పుల సెక్షను సూపరింటెండెంటు నారాయణప్ప. రెండేళ్ళలో రిటైరు కాబోతున్నాడు. రూల్సు పుస్తకం ఆయన టేబులు మీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఫైలులోంచి తల ఎత్తకుండానే, “మీ ఇద్దర్లో అక్క ఎవరు, చెల్లెలు ఎవరు?” అని అడిగాడు.

“అక్కా లేదు, చెల్లెలూ లేదు సార్. ఇది నా కూతురు.”

“పెద్దక్క అని రాసి ఉంది.”

“అది పేరు సార్.”

నారాయణప్ప అప్పుడు తలెత్తాడు. అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎదురుగా నెరిసిన పాయ ఒకటి చెవి వెనక్కి తోసుకుంటున్న నలభై ఏళ్ళ మనిషి, ఆమె భుజానికి పుస్తకాల సంచి. పక్కన పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఆమె భుజానికీ అట్లాంటిదే సంచి. వెనక ఇద్దరు మగవాళ్ళు.

“మీ నాయన ఎవరు?” అన్నాడు.

“ఈయప్ప” అని తల్లీ కూతురూ ఒకేసారి చెరొకరినీ చూపించారు.

ముందర గుమాస్తా ఒకాయన నవ్వాడు. తర్వాత సెక్షనంతా నవ్వింది. నారాయణప్ప నవ్వలేదు. పదో తరగతి సర్టిఫికెట్టు తీసుకుని తండ్రి పేరు వేలు పెట్టి చదివాడు. హనుమంతప్ప ఆధారు కార్డు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూశాడు. తర్వాత రూల్సు పుస్తకంలో నాలుగో నిబంధన తీసి పైకి చదివాడు.

“ఒకే తండ్రి కుమార్తెలలో ఒకరికి మాత్రమే. ఈమె తండ్రి హనుమంతప్ప. ఈ పాప తండ్రి తిప్పన్న. తండ్రులు వేరు.” పుస్తకం మూశాడు. “నాలుగో నిబంధన మీకు వర్తించదు. ఇద్దరూ అర్హులే.”

పద్మజ చటుక్కున తల్లి చేయి పట్టుకుని, ఇంకా కోపం ఉందని గుర్తొచ్చి వదిలేసింది.

“పెండ్లయినోళ్ళకు ఇవ్వచ్చా సార్?” అని ఇందాక మొదట నవ్విన గుమాస్తా అడిగాడు.

“ఇవ్వగూడదని యాడన్నా రాసుండాదా?” అన్నాడు నారాయణప్ప. గుమాస్తా తన ఫైలు తెరుచుకున్నాడు. “ఇప్పుడు ఏడో నిబంధన. తండ్రులు ఇద్దరూ ముందుకు రండి.”

హనుమంతప్ప సంచి కింద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తాతా, నీ కూతురికి డిగ్రీ అయ్యేదాకా పెండ్లి చేయనని ఈ కాగితం మీద ఏలిముద్ర వేయల్ల.”

ముసలాయన కూతుర్ని చూశాడు, అల్లుడిని చూశాడు, మళ్ళీ నారాయణప్పను చూశాడు.

“సామీ, చేసేసినా కదా.”

“ఎప్పుడు?”

“ఇరవై నాలుగేండ్లాయ. అల్లుడు అదో, ఈడే నిలబడిండాడు.”

“అయిపోయిన పెండ్లితో మాకు పని లేదు. ఇక్కన్నుంచి చేయనని చెప్తే చాలు.”

“ఇంగ యాడ చేస్తా సామీ? ఈ ఒక్క అల్లుడికి పండగకు పంచె తెచ్చేదే నాకు కష్టంగా ఉండాది.”

“ఏసెయ్ మామా” అన్నాడు తిప్పన్న వెనక నుంచి. “నాకు గూడా భద్రంగా ఉంటాది.”

ఈసారి నారాయణప్ప కూడా నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. ఇంకు ప్యాడు ముందుకు తోశాడు. హనుమంతప్ప బొటనవేలు ఇంకులో అద్దాడు గానీ కాగితం మీద పెట్టలేదు. వేలు గాల్లో పట్టుకునే నిలబడ్డాడు.

“ఈ కాగితం అప్పట్నుంచీ ఉండాదా సామీ?”

“నేను ఈ సెక్షనుకు రాకముందు నుంచీ ఉంది.”

“ఆ పొద్దు ఎవరూ మా ఊరికి తేలేదు. ఇది పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై ఇంట్లో కూచోనుండె. ఆ పొద్దు ఈ కాగితం తెచ్చి ఏలిముద్ర ఏయమనింటే...” ఆయన ఆగి ఆలోచించాడు. “లేదులే. ఏసిండను. అబద్ధం ఏంటికి? వానలు లేవు, నాకు భయంగా ఉండె.” కూతురి వైపు తిరగకుండానే అన్నాడు, “ఇప్పుడు ఏస్తా.”

గట్టిగా ఒత్తి వేశాడు. కాగితం వెనక్కి కూడా ఇంకు దిగింది. పెద్దక్క కొంగుతో తండ్రి వేలు తుడిచింది. తుడవడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు పట్టింది.

తర్వాత తిప్పన్న వంతు. అతనికి సంతకం వచ్చు. పెన్ను తీసుకున్నాడు, కాగితం చూశాడు, పెన్ను కింద పెట్టాడు. కొత్తచెరువు ఓబమ్మ ఆ గదిలో లేదు గానీ అతనికి మాత్రం కనబడుతున్నట్టే ఉంది.

“ఇది... పక్కాగా చేయకూడదా సార్? మూడేండ్లూ?”

“ఇంకో రెండేళ్ళు. చేస్తే స్కాలర్‌షిప్పు రద్దు.”

పద్మజ తండ్రినే చూస్తోంది. పెద్దక్క నోరు తెరవబోయింది. ఆమె కంటే ముందు హనుమంతప్ప అన్నాడు.

“ఏమయ్యా అల్లుడా, చూస్తాండావు? డెబ్బై ఎనిమిదేండ్లోన్ని నేనే ఏస్తిని. నీకేమి రోగం? పెట్టు.”

తిప్పన్న పెట్టాడు. పేరులో ఒక అక్షరం వంకర పోయింది. నారాయణప్ప అంగీకరించలేదు, ఇంకోసారి పెట్టించాడు. కాబట్టి తిప్పన్న హామీ ఆ ఫైలులో రెండుసార్లు ఉంది.

శెనక్కాయల సంచిని నారాయణప్ప ముట్టుకోలేదు. దరఖాస్తుదారుల దగ్గర ఏమీ తీసుకోకూడదన్నాడు. హనుమంతప్ప చిన్నబుచ్చుకుని, బయట ఆవరణలో చెట్టు కింద కూర్చుని సంచి విప్పాడు. నలుగురూ అక్కడే ఒలుచుకుని తిన్నారు. భోజనాల వేళకు సెక్షను గుమాస్తాలు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. కాసేపటికి నారాయణప్ప కూడా వచ్చాడు. చెట్టు కింద తనకు దరఖాస్తుదారులెవరూ లేరని చెప్పి, దోసెడు తీసుకున్నాడు.

తిరుగు బస్సులో తిప్పన్న అక్కకు ఫోను చేశాడు. అంత ధైర్యంగా అతను ఆమెతో మాట్లాడటం పెద్దక్క అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

“లేదక్కా, నా చేతిలో లేదు. అనంతపురంలో పెద్ద ఆఫీసరు ముందర సంతకం పెట్టినా. ఒకటి కాదు, రెండు. ఇప్పుడు పెండ్లి చేస్తే నన్ను పట్టుకొని పోతారు... ఆఁ, మామ కూడా ఏలిముద్ర ఏసినాడు... ఎవురికా? పెద్దక్కకు... ఏమోనక్కా, దానికి గూడా చేయకూడదంట.”

అవతల ఓబమ్మకు ఏం అర్థమైందో ఏమో, ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఆమె కొడుక్కి పెనుకొండ వైపు సంబంధం చూసుకున్నారు. పెళ్ళికి అందరూ పోయి వచ్చారు.

ఆ ఏడు ఇంట్లో చదువు ఇంకా గట్టిపడింది. పద్మజ తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం పెట్టించుకుంది. పాఠం చెప్పేటప్పుడు పెద్దక్క గొర్రెల దొడ్డి దాకా పోవాలని షరతు పెట్టింది. తిప్పన్న సంగటి గిన్నె పట్టుకుని భార్య వెనక దొడ్డికి పోవలసి వచ్చింది. అక్కడ ఉపాంత ప్రయోజనం గురించి విని, “అంటే రెండో ముద్ద మొదటి ముద్దంత రుచిగా ఉండదని. దీనికి పుస్తకం ఏంటికి?” అన్నాడు.

రెండో ఏడు ఫలితాల్లో పద్మజ మొదటి స్థానం, పెద్దక్క రెండో స్థానం. తేడా పదకొండు మార్కులు. పద్మజ ఎగిరి గంతేసింది. పెద్దక్క కూతురికి దిష్టి తీసింది, వీధిలో అందరికీ బెల్లం పంచింది, కృపాకుమారి మేడంకు ఫోను చేసి నా బిడ్డ ఫస్టు వచ్చిందని చెప్పింది. ఇవన్నీ చేశాక ఒక్కతే కూర్చుని తన మార్కుల కాగితం తీసి, ఒక్కో పేపరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

మర్నాడు కూతురు లేవకముందే బస్సుకు బయలుదేరింది. ఆ రోజు క్లాసులు లేవు, ఆఫీసు మాత్రమే తెరుస్తారు.

“యాడికి పోతాండావు?” అని తిప్పన్న అడిగితే, “గిరికాడికి. ఎకనామిక్సు పేపరుకు రీవాల్యుయేషను కట్టల్ల” అంది.

కట్టింది. ఒక మార్కు పెరిగింది. పద్మజకు చెప్పి, గిరికి చెప్పి, నాయనకు ఫోను చేసి మరీ చెప్పింది.